ఏలూరు జిల్లాలో ఏడాదికి ఇద్దరు

2020 డిసెంబరు మొదటి వారాంతంలో ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. రెండు మూడు నిమిషాలు ఫిట్స్, నోట్లోంచి నురగ, కాసేపు మతి తప్పడం, ఆ తర్వాత తలనొప్పి, వాంతులు. కొన్ని గంటలకు చాలామంది తేరుకుని ఇళ్లకు వెళ్లిపోయారు కూడా. అయినా వారం తిరిగేసరికి బాధితుల లెక్క 600 దాటింది, ఒకరు చనిపోయారు. పెద్దాసుపత్రిలో మంచాలు చాల్లేదు. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్నీ రంగంలోకి దిగాయి. రక్తం తీశారు, కుళాయి నీళ్లు పట్టారు, కూరగాయలు, పాలు పరీక్షకు పంపారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. పురుగుమందుల అవశేషాలవైపు ఇంకొందరు వేలు చూపించారు. అవి అంతమంది ఒంట్లోకి ఒక్కసారే ఏ దారిన చేరాయన్నది మాత్రం జనం నమ్మేలా ఎవరూ చెప్పలేకపోయారు.

కారణం సరిగ్గా తేలకపోయినా, జబ్బంటూ వచ్చిందన్న సంగతి మొదటి రోజే ఊరంతటికీ తెలిసింది. 2025 ఫిబ్రవరిలోనూ అంతే. ఉంగుటూరు మండలం బాదంపూడిలో కోళ్లు గుట్టలుగా చచ్చిపోతే నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు వెళ్లాయి, బర్డ్ ఫ్లూ అని తేలింది, కిలోమీటరు మేర కోళ్లను పూడ్చేసి పది కిలోమీటర్ల మేర నిఘా పెట్టారు. తాడేపల్లిగూడెం సంతలో ఆ వారం చికెన్ అడిగినవాడు లేడు. గుంపుగా వచ్చే జబ్బును పట్టుకోవడానికి మనకు యంత్రాంగం ఉంది. తడబడుతూనే అయినా అది కదులుతుంది.

ఒక్కొక్కరిగా, ఏళ్ల తరబడి, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వచ్చే జబ్బు సంగతేమిటి? క్రాయిట్జ్‌ఫెల్ట్-యాకబ్ జబ్బు అలాంటిది. డాక్టర్లు సీజేడీ అంటారు. 1920, 1921 సంవత్సరాల్లో దాన్ని వర్ణించిన ఇద్దరు జర్మన్ వైద్యుల పేర్లు కలిపి పెట్టిన పేరు. ప్రియాన్ జబ్బులనే చిన్న కుటుంబంలో మనుషులకు ఎక్కువగా వచ్చేది ఇదే. ఎక్కువ అంటే ఎంత? నిఘా బాగా ఉన్న దేశాలన్నిటిలో ఒకటే లెక్క వస్తోంది: పది లక్షల జనాభాకు ఏడాదికి ఒకటి నుంచి రెండు కేసులు. ఐరోపాలోనూ అంతే, జపాన్‌లోనూ అంతే, ఆస్ట్రేలియాలోనూ అంతే. తిండి వేరు, వాతావరణం వేరు, పశువులు వేరు; అంకె మాత్రం మారదు.

ఇప్పుడు మన జిల్లా. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన ఏలూరు జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం 20 లక్షల పైచిలుకు. ఆ లెక్కన ఏడాదికి రెండు నుంచి నాలుగు కేసులు రావాలి. ఇది అరవై దాటినవాళ్లకు ఎక్కువగా వచ్చే జబ్బు, మన దగ్గర ముసలివాళ్ల వాటా ఐరోపా కంటే తక్కువ. అందుకని తగ్గించి రెండే అనుకుందాం. ఇంకో దారిలో వెళ్లి చూసినా సరిపోతుంది. సీజేడీ లెక్క సరిగ్గా కట్టే దేశాల్లో ప్రతి 5,000 నుంచి 6,000 మరణాల్లో ఒకటి దీనివల్ల అని తేలింది. వెయ్యిమందికి ఏడాదికి ఆరేడుగురు చొప్పున ఏలూరు జిల్లాలో పదమూడు వేల మరణాలు అనుకుంటే మళ్లీ ఇద్దరే. రాష్ట్రం మొత్తానికి యాభై మంది దాకా. ఈ యాభైమందీ ఎక్కడ?

ద్వారకా తిరుమల మండలంలో నాలుగెకరాల పామాయిల్ తోట ఉన్న ఒక అరవై అయిదేళ్ల రైతును ఊహించుకుందాం. ఈయన నిజం మనిషి కాదు, వైద్య గ్రంథాల్లో వర్ణించిన లక్షణాలకు నేను మన ఊరి పంచె కట్టాను. మొదట చూపు తేడాగా ఉందంటాడు. వస్తువులు వంకరగా కనబడుతున్నాయి, రంగులు మారుతున్నాయి. ఇంట్లోవాళ్లు శుక్లాలనుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. కళ్లద్దాలు మారతాయి, ఒక్కోసారి శుక్లాల ఆపరేషనే అయిపోతుంది. జబ్బు మెదడు వెనక భాగంలో, చూపును అర్థం చేసుకునే చోట ఉందని అప్పటికి ఎవరికీ తట్టదు. మూడో వారానికి నడకలో తూలు. గట్టు మీద నడిచే మనిషి గుమ్మం దాటడానికి గోడ పట్టుకుంటాడు. నెల దాటాక మాట తప్పుతుంది, మనవడి పేరు గుర్తురాదు. చేతులూ కాళ్లూ ఉన్నట్టుండి అదురుతాయి. తలుపు చప్పుడైనా ఉలిక్కిపడతాడు. పక్షవాతమేమోనని ఒకరు, గాలి సోకిందని ఒకరు, చిన్న తిరుపతి మొక్కు మరిచిపోయారని ఇంకొకరు. ఏలూరు, విజయవాడ, ఓపికుంటే హైదరాబాదు. మూడో నెలకు మంచం, నాలుగో నెలకు మాటా పలుకూ లేకుండా కళ్లు తెరుచుకునే ఉంటాయి. సగం మంది ఆరు నెలల్లోపే పోతారు. దీనికి మందు ఇంతవరకు లేదు.

ఇంటి దగ్గర పోయిన ఆ మనిషి మరణ ధ్రువపత్రంలో ఏం రాస్తారు? గుండె ఆగింది, ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది, లేదా వృద్ధాప్యం. చాలాసార్లు అదీ ఉండదు. దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం రాసి ధ్రువీకరించినవి నాలుగోవంతు కూడా లేవు. దహనం ఆ రోజే అయిపోతుంది. సీజేడీని నిస్సందేహంగా నిర్ధారించే ఒకే ఒక్క మార్గం మెదడు కణజాలాన్ని మైక్రోస్కోపు కింద చూడటం. ఆ అవకాశం గోదావరి కాలవ గట్టు మీది శ్మశానంలో ముగిసిపోతుంది.

జబ్బు సంగతి కొంచెం తెలిస్తే దీని మీద నిఘా ఎందుకంత కష్టమో అర్థమవుతుంది. మనందరి నరాల కణాల మీదా ప్రియాన్ ప్రోటీన్ అనే ఒక మామూలు ప్రోటీన్ ఉంటుంది. ఇరవయ్యో క్రోమోజోము మీది జన్యువు దాన్ని తయారుచేయిస్తుంది. ప్రతి ప్రోటీనూ ఒక ప్రత్యేకమైన పద్ధతిలో మడతపడితేనే పని చేస్తుంది. ఈ ప్రోటీన్ ఎప్పుడో, ఏ కొద్దిమందికో, కారణమేమీ లేకుండానే తప్పు మడత పడుతుంది. తప్పు మడత పడినది పక్కనున్న మంచిదాన్ని ముట్టుకుంటే అది కూడా అదే మడత పడుతుంది. గోరువెచ్చని పాలలో వేసిన చుక్క పెరుగు గిన్నెడు పాలనూ తోడేసినట్టు. ఒక తేడా ఉంది: తోడులో బతికున్న సూక్ష్మజీవులుంటాయి, ఇక్కడ అవీ లేవు. వైరస్ లేదు, బ్యాక్టీరియా లేదు, డీఎన్ఏ తునక కూడా లేదు. 1982లో అమెరికన్ శాస్త్రవేత్త స్టాన్లీ ప్రుసినర్ ఈ మాట అంటే తోటి శాస్త్రజ్ఞులు నవ్వారు, కొందరు కోప్పడ్డారు. జన్యుపదార్థం లేకుండా అంటుకునే జబ్బేమిటని. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది.

తయారైనది మన సొంత ప్రోటీనే కాబట్టి ఒంట్లోని రక్షణ వ్యవస్థకు అది పరాయిదని తెలియదు. జ్వరం రాదు. యాంటీబాడీలు పుట్టవు. డెంగీకో కోవిడ్‌కో చేసినట్టు పొద్దున రక్తం తీసి సాయంత్రానికి ఉందో లేదో చెప్పే పరీక్ష అందుకే ఇక్కడ కుదరదు. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి అడిగే ప్రశ్నల్లో ఇది పట్టుబడదు. నరాల డాక్టరు అనుమానించాలి. ఎంఆర్ఐలో ఒక ప్రత్యేక పద్ధతిలో స్కాన్ తీస్తే మెదడు పైపొర అంచు వెంట తెల్లటి రిబ్బను పరిచినట్టు మెరుపు కనబడుతుంది. మెదడు విద్యుత్ తరంగాలను గీసే ఈఈజీలో సెకనుకొకటి చొప్పున మొనదేలిన అలలు వస్తాయి, అందరికీ రావు. గత పదిహేనేళ్లలో వచ్చిన పెద్ద మార్పు ఆర్‌టీ-క్విక్ అనే పరీక్ష. వెన్నులోంచి తీసిన నీటి చుక్కను, ప్రయోగశాలలో తయారుచేసిన మంచి ప్రియాన్ ప్రోటీన్‌లో కలిపి గంటల తరబడి కుదుపుతారు. రోగి నీటిలో తప్పు మడత ఏ కొంచెం ఉన్నా గొట్టంలోని ప్రోటీన్ అంతా ఆ దారే పడుతుంది, కలిపిన రంగు మెరుస్తుంది. పది మంది సీజేడీ రోగుల్లో తొమ్మిది మందిని ఇది బతికుండగానే పట్టిస్తుంది, లేనివాళ్లను ఉన్నారని చెప్పడం దాదాపు ఉండదు.

పరీక్షలు ఎన్ని ఉన్నా, అసలు పనిముట్టు లెక్క రాసుకునే పుస్తకమే. అది ఎంత పనికొస్తుందో తెలియాలంటే స్కాట్లండ్ వెళ్లాలి.

1986లో బ్రిటన్‌లో ఆవులకు ఒక కొత్త జబ్బు బయటపడింది. తూలడం, బెదరడం, పడిపోవడం. పత్రికలు పిచ్చి ఆవు జబ్బన్నాయి. చచ్చిన పశువుల మాంసం, ఎముకలు ఉడకబెట్టి పొడి చేసి మళ్లీ పశువులకే దాణాగా పెట్టడం దానికి కారణమని తేలింది. 1988లో ఆ దాణాను నిషేధించారు. మొత్తంమీద అక్కడ 1,80,000కు పైగా పశువుల్లో జబ్బు నిర్ధారణైంది. మనుషులకు ప్రమాదం లేదని ప్రభుత్వం పదేపదే చెప్పింది. అయినా ఎందుకైనా మంచిదని 1990లో ఎడిన్‌బరోలో సీజేడీ నిఘా కేంద్రం పెట్టింది. రాబర్ట్ విల్ అనే నరాల వైద్యుడు దానికి పెద్ద. అప్పటికి ఆవులనుంచి మనిషికి సోకిన కేసు ఒక్కటీ లేదు. కేంద్రం చేసిన పని వినడానికి నీరసంగా ఉంటుంది. దేశంలో ఏ మూల ఏ నరాల డాక్టరుకు అనుమానం వచ్చినా ఒక ఫోను. అక్కడినుంచి ఒక డాక్టరు వెళ్లి రోగిని చూస్తాడు, ఇంటివాళ్లను కూర్చోబెట్టి అందరినీ ఒకే ప్రశ్నలు అడుగుతాడు: ఏం తిన్నారు, ఏ పని చేశారు, ఏ ఆపరేషన్లు అయ్యాయి, ఎప్పుడైనా రక్తం ఎక్కించారా, ఇచ్చారా, వంశంలో ఎవరికైనా ఇలా అయిందా. పోయాక, ఒప్పుకుంటే, మెదడు పరీక్ష. మరణ ధ్రువపత్రాలన్నీ జల్లెడ పడతారు. ఏడాదికి ముప్ఫై, నలభై పేర్లు, దాదాపు అందరూ పెద్దవయసువాళ్లే. అయిదేళ్లు అలాగే గడిచింది.

1995 నుంచి కొన్ని పేర్లు వేరుగా రాసాగాయి. టీనేజీ పిల్లలు, పాతికేళ్లవాళ్లు. మొదట దిగులు, చిరాకు, కాళ్లలో నొప్పులు. మానసిక వైద్యుల దగ్గర కొన్ని నెలలు. ఈఈజీలో ఆ అలలు లేవు. నాలుగైదు నెలలకు పోవాల్సినవాళ్లు ఏడాదికి పైగా బతికారు. కేంద్రంలోని జేమ్స్ ఐరన్‌సైడ్ మైక్రోస్కోపు కింద మెదడులో పువ్వు రేకుల్లా విచ్చుకున్న మచ్చలు చూశాడు. అవి అంతకుముందు ఏ సీజేడీ మెదడులోనూ ఆయనకు కనబడలేదు. ఇలాంటివి పది. 1996 మార్చి 20న ఆరోగ్య మంత్రి పార్లమెంటులో లేచి, ఆవుల జబ్బు మనుషులకు సోకి ఉండొచ్చని ఒప్పుకున్నాడు.

అయిదు కోట్ల ఎనభై లక్షల జనంలో పది కేసులు. ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం పెద్ద జనాభా అనుకోండి. పది మరణాలు ఏ ఆసుపత్రిలోనూ అలజడి రేపవు, పది వేర్వేరు ఊళ్లలో పది వేర్వేరు డాక్టర్ల దగ్గర అయితే అసలే రేపవు. అవి కనబడటానికి ఒకటే కారణం: మామూలుగా ఎన్ని వస్తాయో, ఏ వయసువాళ్లకు వస్తాయో, మెదడు ఎలా ఉంటుందో ముందు అయిదేళ్లు ఎవరో ఓపిగ్గా రాసిపెట్టారు. బ్రిటన్‌లో చివరికి 178 మంది ఆ కొత్త రకానికి బలయ్యారు, 2000 సంవత్సరంలో అత్యధికంగా 28 మంది. లక్షల్లో పోతారని అప్పట్లో కొందరు వేసిన అంచనాలు తప్పాయి, అదృష్టం. ఆ రికార్డులనే రక్తదాతల జాబితాలతో కలిపి చూడబట్టి ఇంకొకటి తేలింది: జబ్బు బయటపడకముందు రక్తమిచ్చిన వ్యక్తి నుంచి రక్తం ఎక్కించుకున్నవాళ్లకు కూడా అది చేరగలదు. 2003 చివర్లో మొదటి కేసు బయటికొచ్చింది.

ఈ సంగతి మన ఇళ్లదాకా ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. ఆంధ్ర, గుంటూరు, కాకినాడ వైద్య కళాశాలల్లో చదివి, ఎనభైల్లో బ్రిటన్ ఆసుపత్రుల్లో కొన్నేళ్లు పనిచేసి, తర్వాత అమెరికాలో స్థిరపడ్డ తెలుగు డాక్టర్లు మనకు కొత్తవాళ్లు కాదు. 1980, 1996 మధ్య బ్రిటన్‌లో మూడు నెలలు ఉన్నవాళ్ల రక్తం అమెరికా తీసుకోలేదు. రక్తదాన శిబిరాలు పెట్టించే డాక్టరుగారే అక్కడ రక్తమివ్వడానికి పనికిరాకుండా పోయారు. 2022లో గానీ ఆ నిబంధన ఎత్తేయలేదు. ఆస్ట్రేలియా కూడా అదే ఏడాది ఎత్తేసింది.

మన పశువుల మాటేమిటి? ఇక్కడ పిచ్చి ఆవు జబ్బు బయటపడలేదు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 2010లో మన దేశాన్ని ఆ జబ్బు ముప్పు నామమాత్రంగా ఉన్న దేశాల జాబితాలో చేర్చింది. ఆవు మీది భక్తికి దీనితో పెద్ద సంబంధం లేదు, దాణాకు ఉంది. ద్వారకా తిరుమల చుట్టుపక్కల గేదె ఏం తింటుంది? ఎండుగడ్డి, పచ్చిగడ్డి, తవుడు, చిట్టు, తెలగపిండి, పత్తిగింజల చెక్క. మాంసం పొడి కంటే ఇవే చవక, ఇవే చేతికందేవి. కొల్లేరు చెరువుల్లో బొచ్చెకూ శీలావతికీ వేసేదీ ప్రధానంగా తవుడు, వేరుశనగ చెక్కే. చేపల్లో సహజంగా వచ్చే ప్రియాన్ జబ్బు ఇంతవరకు ఎక్కడా కనబడలేదు కూడా. కాబట్టి చేపల పులుసు తినేవాళ్లు నిశ్చింతగా తినొచ్చు. పాడి పరిశ్రమ పెద్దదయ్యేకొద్దీ ప్రోటీన్ దాణా మీద ఆశ పెరుగుతుంది, అక్కడ కన్నేసి ఉంచాల్సిందే. ఆహార భద్రతా సంస్థ 2019లో పాలిచ్చే పశువులకు మాంసం, ఎముకల పొడి పెట్టకూడదని ఆదేశమిచ్చింది.

ఆవు సంగతి పక్కన పెట్టినా సీజేడీ పోదు. నూటికి ఎనభై అయిదు కేసులు ఏ తిండితోనూ ఏ పశువుతోనూ సంబంధం లేకుండా తమంతట తామే పుట్టేవి. శాకాహారికీ వస్తాయి. పది నుంచి పదిహేను శాతం వంశపారంపర్యం. మిగిలిన ఆ ఒక్క శాతంలోపు బయటినుంచి సోకినవి. భయపెట్టే కథలన్నీ అందులోవే. పాపువా న్యూగినీ కొండల్లో ఫోరే జనం, చనిపోయిన బంధువుల మీద ప్రేమకొద్దీ వాళ్ల శరీరాన్ని తినే ఆచారం వల్ల కూరు అనే జబ్బుతో 2,700 మందికి పైగా పోయారు. పోయినవాళ్లలో స్త్రీలూ పిల్లలే ఎక్కువ, మెదడు వాళ్ల వాటాకు వచ్చేది కాబట్టి. ఆచారం 1950ల చివర్లో ఆగింది, చివరి రోగులు ఈ శతాబ్దంలో పోయారు. నలభై, యాభై ఏళ్లు ఒంట్లో చప్పుడు చేయకుండా ఉండగల జబ్బు ఇది. శవాల పిట్యూటరీ గ్రంథి నుంచి తీసిన ఎదుగుదల హార్మోను ఇంజెక్షన్ల వల్ల పొట్టి పిల్లలకు వచ్చింది. 1985లో అమెరికా ఆ మందు ఆపేసింది. జపాన్‌లో మెదడు ఆపరేషన్లలో అతికించిన, శవాల నుంచి తీసిన పొర వల్ల వంద మందికి పైగా వచ్చింది.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 1977లో స్విట్జర్లండ్ నుంచి వచ్చిన చిన్న నివేదిక. ఒక సీజేడీ రోగి మెదడులో వాడిన సన్నటి ఎలక్ట్రోడ్లను ఆల్కహాలుతో తుడిచి, ఫార్మాలిన్ ఆవిరిలో ఉంచి, అప్పటి పద్ధతి ప్రకారం శుభ్రం చేసి, మూర్ఛ ఉన్న ఇద్దరు యువతీయువకులకు వాడారు. ఇద్దరికీ సీజేడీ వచ్చింది. ప్రియాన్ చావడానికి అది బతికి లేదు. ఫార్మాలిన్ దాన్ని ఏమీ చేయదు, మామూలు ఆటోక్లేవ్ పూర్తిగా చంపదు. గాఢమైన కాస్టిక్ సోడా, 134 డిగ్రీల ఆవిరి కావాలి. మన ఊహల్లోని రైతుకు నిర్ధారణ కాకముందే కంటి ఆపరేషన్ అయిందని గుర్తుంచుకోండి. శుక్లాల ఆపరేషన్ వల్ల ముప్పు చాలా తక్కువే. కన్ను వెనక పొరకూ మెదడుకూ వెళ్లే పరికరాల సంగతి వేరు. కార్నియా అమర్చడం వల్ల సీజేడీ సోకిన సంఘటన 1974లోనే నమోదైంది. అందుకే నేత్రనిధులు కారణం తెలియని నరాల జబ్బుతో, వేగంగా ముదిరిన మతిమరుపుతో పోయినవాళ్ల కళ్లు తీసుకోవు. నేత్రదానం మీద ఇంత పట్టింపు ఉన్న తెలుగు నేల మీద, దాత ఏ జబ్బుతో పోయాడన్న సంగతి కాగితం మీద ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

మన దగ్గర అసలు లెక్కే లేదా అంటే, ఉంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 1980ల నుంచి సీజేడీ రిజిస్ట్రీ ఉంది. నరాల వైద్యుడు పి. సతీష్‌చంద్ర, మెదడు కణజాల నిపుణుడు ఎస్.కె. శంకర్ 1971 నుంచి 1990 వరకు దేశంలో దొరికిన కేసులు పోగేసి ప్రచురించారు. దేశం మొత్తానికి, ఇరవై ఏళ్లకు దొరికినవి పదుల్లోనే. అప్పటి జనాభాకు ఏటా వందల్లో రావాల్సినవి. 1995లో అక్కడే మానవ మెదడు నిధి మొదలైంది. సీజేడీ రిజిస్ట్రీలోకి మాత్రం డాక్టర్లు పంపితేనే కేసులు చేరతాయి, పంపకపోతే లేదు. తప్పనిసరిగా తెలియజేయాల్సిన యంత్రాంగం వేరే ఉంది: 2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం. ఏఎన్ఎంలు, డాక్టర్లు, ప్రయోగశాలలు నింపే ఫారాలు ఇప్పుడు కంప్యూటరెక్కాయి. వాటిలో విరేచనాలు, జ్వరాలు, కామెర్లు, పాము కాట్లకు గళ్లున్నాయి. మూడు నెలల్లో మతి పోయిన మనిషికి గడి లేదు.

ఏడాదికి ఇద్దరి కోసం ఇంత గొడవ అవసరమా అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. మలేరియా కార్యకర్త జీతానికే డబ్బుల్లేనప్పుడు నయం కాని జబ్బును లెక్కపెట్టడం వేడుకలా కనబడొచ్చు. నా జవాబు సీజేడీ గురించి కాదు, సీజేడీ అనుకుని వదిలేసిన వాళ్ల గురించి. అమెరికాలో క్లీవ్‌లండ్‌లోని ప్రియాన్ నిఘా కేంద్రం, సీజేడీ అనుమానంతో వచ్చిన 1,106 మెదళ్లను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించింది. 352 మందికి, అంటే దాదాపు మూడోవంతుకు, ప్రియాన్ జబ్బే లేదు. అందులో ఎక్కువ అల్జీమర్స్. 71 మందికి మాత్రం వైద్యం చేయదగిన జబ్బులున్నాయి: ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు మీద తిరగబడినవి, ఇన్ఫెక్షన్లు, గడ్డలు. మన దగ్గరైతే ఈ జాబితాలో బి12 లోపం, థైరాయిడ్, క్షయ, తలకు దెబ్బ తగిలి నెమ్మదిగా చేరిన నెత్తురు కూడా ఉంటాయి. స్టెరాయిడ్లకు లేచి కూర్చోగలిగిన మనిషిని, ఇది నయం కాదులే ఇంటికి తీసుకెళ్లండి అని పంపేస్తే ఆ తప్పు ఎప్పటికీ బయటపడదు. సీజేడీ అనడానికి ఒక పద్ధతి, ఒక ఫారం, పైన ఇంకో డాక్టరు చూపు ఉంటే, ముందు ఈ నయమయ్యేవన్నీ కొట్టేసుకుంటూ రావాలి. నిఘా వల్ల మొదట బాగుపడేది సీజేడీ లేనివాడే.

పైగా ఇది మనకు చేతకాని విద్య కాదు. పోలియోను ఎలా గెలిచామో చూడండి. చుక్కల మందు అందరికీ గుర్తుంది, దాని వెనకున్న లెక్క గుర్తులేదు. 1997 నుంచి ప్రతి జిల్లాలో, పదిహేనేళ్లలోపు పిల్లల్లో ఎవరికి ఉన్నట్టుండి కాలో చెయ్యో పడిపోయినా, కారణం ఏదైనా, తెలియజేయాలన్నారు. పోలియో ఒక్కటీ లేకపోయినా ఇతర కారణాల వల్ల లక్షమంది పిల్లలకు ఏడాదికి ఇద్దరికైనా అలా జరుగుతుందని ముందే లెక్క కట్టారు. ఒక జిల్లా అంతకంటే తక్కువ చూపిస్తే శభాష్ అనలేదు, మీ కళ్లు మూసుకుపోయాయి, వెతకండి అన్నారు. ప్రతి ఆసుపత్రీ వారం వారం రాయాలి. కేసు లేకపోతే సున్నా అని రాయాలి. సున్నా రాయడానికీ ఏమీ రాయకపోవడానికీ ఉన్న తేడా ఆ కార్యక్రమం మొత్తానికి వెన్నెముక. 2011 జనవరిలో చివరి కేసు, 2014 మార్చిలో ధ్రువపత్రం. ఆ ధ్రువపత్రాన్ని ప్రపంచం నమ్మింది ఆ సున్నాల వల్లే.

అదే కొలబద్ద ఇక్కడ పెడితే పెద్ద ఖర్చేమీ లేదు. ఏలూరులో ఆశ్రమ్ వైద్య కళాశాల ఎప్పటినుంచో ఉంది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. జిల్లా రోగులను చూసే నరాల డాక్టర్లు, విజయవాడవాళ్లను కలుపుకున్నా, ఒక గదిలో పడతారు. వాళ్లు నెలకోసారి, ఆరు నెలల్లోపు ముదిరిన మతిమరుపు కేసులు ఎన్ని చూశారో రాయాలి, లేకపోతే సున్నా పెట్టాలి. చూసిన ప్రతి మనిషికీ ఆ ప్రత్యేక ఎంఆర్ఐ, వెన్ను నీరు, నిమ్హాన్స్‌కు ఒక ఉత్తరం. ఇంటికి వెళ్లి అడిగే నర్సు ఒకరు. ప్రశ్నలు మాత్రం ఎడిన్‌బరోవి దించకూడదు. ఎరువుల కొట్టులో పనిచేశారా, తలకు ఏ దెబ్బ తగిలింది, ఆర్‌ఎంపీ ఏ మందులు ఇచ్చాడు, ఏ కంటి శిబిరంలో ఆపరేషన్ అయింది, గల్ఫ్‌కో ఇంగ్లండ్‌కో వెళ్లొచ్చారా, ఇవన్నీ ఉండాలి. ఏలూరు 2020లో నేర్పిన పాఠం కూడా ఇందులోకి వస్తుంది: జబ్బు వచ్చాక ప్రశ్నావళి తయారు చేస్తే, ముందు ఎలా ఉండేదో పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

ఇంటివాళ్లకు భయం ఉంటుంది, దాన్ని ముందే తీర్చాలి. రోగిని ముట్టుకుంటే, స్నానం చేయిస్తే, ఒకే కంచంలో తింటే సీజేడీ రాదు. దగ్గితే రాదు. మామూలుగా దహనం చేయొచ్చు. ఈ మాట చెప్పేవాళ్లు లేకే కొన్నిచోట్ల ఆసుపత్రి సిబ్బందే దూరంగా నిలబడతారు.

ఆ భయం తీరాక కొడుకో కూతురో అడిగే ప్రశ్న ఒకటుంది: ఇది మాకూ వస్తుందా? నూటికి ఎనభై అయిదు ఇళ్లలో రాదనే చెప్పొచ్చు. మిగతా ఇళ్లలో జన్యువు చూస్తే గానీ చెప్పలేం. అందరికీ తెలుసుకోవాలని కూడా ఉండదు, తెలుసుకోకపోయే హక్కూ వాళ్లదే. అడిగిన రోజున జవాబు దొరకాలంటే మాత్రం రోగి బతికుండగానే ఒక గొట్టం రక్తం తీసి, పేరు రాసి, ఫ్రీజర్‌లో పెట్టి ఉంచాలి.